మాక్రమే దారం నాలుగు రెట్లు చాలదు, వదినా!

మాక్రమే అంటే దారాన్ని చేత్తో ముడులేస్తూ అల్లే పని. "మాక్రమే నేర్చుకునేవాళ్లకు ఆరు సూత్రాలు" అని ఒక మెసేజ్ తిరుగుతోంది. ఈ వారంలో నాకు నాలుగుసార్లు వచ్చింది. నాలుగోసారి పంపింది మా వదిన. పంపి ఊరుకోలేదు, ఆ సూత్రాలు నమ్మి కుండీకి ఉట్టి మొదలుపెట్టింది. మూడో వంతు అల్లేసరికి దారం అయిపోవచ్చింది, ఫోన్ చేసింది. అందుకే ఇది రాస్తున్నా.

మొదటి సూత్రం: "పూర్తయ్యాక ఎంత పొడవు కావాలో దానికి నాలుగు రెట్లు కత్తిరించండి, చాలు."

ఈ మాట అబద్ధమైనా బాగుండేది. సగం నిజం కాబట్టే కొంప ముంచుతోంది. నాలుగు రెట్లన్నది రింగుకు తగిలించాక కిందికి వేలాడే ఒక్కో పాయకు చెప్పే లెక్క. కత్తిరించే దారానికి కాదు. వదిన ఉట్టి 90 సెంటీమీటర్లు. నాలుగు రెట్లు అంటే 3.6 మీటర్లు కత్తిరించింది. దాన్ని మధ్యకు మడిచి లార్క్స్ హెడ్ (మడిచిన దారాన్ని రింగుకు తగిలించే ముడి) వేస్తే ఒక్కో పాయ ఎంత? 1.8 మీటర్లు. రెండు రెట్లే! మడత సంగతి మెసేజ్ రాసినాయనకు గుర్తు రాలేదు.

పోనీ, మడత కూడా లెక్కేసుకుని 7.2 మీటర్లు కత్తిరిస్తే? అదీ ముడిని బట్టే. నాలుగు పాయల స్క్వేర్ నాట్ (చదునుగా పడే ముడి) వరసలో ముడులు పడేది బయటి రెండు పాయలతోనే. మధ్య రెండూ పెళ్లిలో పెద్దమనుషుల్లా ఊరికే నిలబడి ఉంటాయి. నా చేతి బిగువుకు 10 సెంటీమీటర్ల వరసకి బయటి పాయ ఒక్కోటి 45 సెంటీమీటర్ల దాకా తింటుంది. మధ్యలో పాయలు పెరిగితే ఇంకా తింటుంది. ముడి వెయ్యకుండా వదిలేసిన చోట ఒక్క రెట్టే. ఇన్ని తేడాలుంటే అన్నిటికీ కలిపి ఒకటే అంకె ఎలా కుదురుతుంది?

అసలు మధ్యకే మడవాలని ఎవరు చెప్పారు? మడత పక్కకు జరపండి. 90 సెంటీమీటర్లూ ముడులే అనుకుంటే, లోపలి పాయ కుచ్చుతో కలిపి 1.2 మీటర్లు, బయటిది 4.5. ఒక్కో దారం మొత్తం 5.7 మీటర్లుంటే పని అయిపోతుంది. అదే 7.2 కత్తిరించి సమంగా మడిస్తే బయటి పాయకు దక్కేది 3.6, చివర్లో చాలదు. ఎక్కువ దారం కొని కూడా తక్కువ పడ్డం అంటే ఇదే. ముందు ఒక ముక్క మీద 10 సెంటీమీటర్లు అల్లి, మిగిలింది టేపుతో కొలుచుకుంటే ఐదు నిమిషాల పని. ఆ మాట మాత్రం మెసేజ్‌లో లేదు, మధ్యమధ్య పూల బొమ్మలు మాత్రం ఉన్నాయి.

రెండోది: "దారం చాలకపోతే ఇంకో ముక్క ముడేసుకోండి." తడి మట్టితో నిండిన కుండీ, నున్నటి దారం, ఒక మామూలు ముడి, కింద పిల్లలు. శుభం! వదినకు బయటి పాయలు ఇంకా మూరెడు మిగిలే ఉన్నాయి. వాటిని లోపలికి పంపి, అంతదాకా ఖర్చవకుండా ఉన్న మధ్య పాయల్ని బయటికి తెచ్చి అల్లమన్నాను. ఉట్టి అనుకున్నదానికంటే పొట్టిదైంది. కానీ అతుకు లేదు.

మూడోది: "ఎప్పుడూ ఎడమ పాయనే ముందు నుంచి వేస్తూ పోతే స్క్వేర్ నాట్ వస్తుంది." రాదు. మెలి తిరుగుతూ స్పైరల్ వస్తుంది. అదీ బాగానే ఉంటుంది, కాకపోతే మీరు అడిగింది అది కాదు.

నాలుగోది, కాటన్ తప్ప ఏదీ పనికిరాదట. నైలాన్ కొసల్ని లైటర్‌తో కరిగించి అతికించొచ్చు, కాటన్ కుచ్చుల్ని దువ్వుకోవచ్చు. దేని సుఖం దానిది. ఐదోది, మాక్రమే మన ఉట్టి నుంచే పుట్టిందట. ఆ పేరు అరబిక్ నుంచి టర్కీ మీదుగా ఐరోపాకి వచ్చింది. మన ఉట్టి మనకుంది, దానికి ఈ సర్టిఫికెట్ ఎందుకు?

ఆరోది చూసి ముందు నవ్వాను: "నేర్చుకునేటప్పుడు రెండు రంగుల దారం వాడండి." చిన్నపిల్లల ఆట అనుకున్నా. సరే చూద్దామని వదినకు ఎడమ పాయ ఎరుపు, కుడి పాయ తెలుపు ఇచ్చి కూర్చోబెట్టాను. స్క్వేర్ నాట్‌లో మొదటి సగానికి ఎడమ నుంచి ముందుకొచ్చిన పాయే, అటు చేరాక రెండో సగానికి కుడి నుంచి మళ్లీ ముందుకు రావాలి. నేను ఇన్నాళ్లూ "ఎడమ, కుడి, ఎడమ, కుడి" అని చెప్పి అందర్నీ తికమక పెడుతున్నాను. వదిన రెండు ముడులు వేసి, "ఓస్, ఎరుపే ఎప్పుడూ ముందుండాలి, అంతేగా?" అంది.

అంతే వదినా.