హక్కుల ఒడంబడిక, ఆగిన వీల్‌చైర్

మర్రిగూడ మండలంలో ఫ్లోరైడ్ నీళ్లతో నడుం వంగిపోయిన మనిషికి ఆ జబ్బు పేరు మీద సదరం సర్టిఫికెట్ రాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో ఫ్లోరోసిస్ లేదు. కదలికల వైకల్యం కింద 40 శాతం తేలాలి. నల్లగొండ నీళ్ల సంగతి దశాబ్దాల కిందే బయటపడింది. ధర్నాలు, పత్రికలు ఉన్నచోటే లెక్కలోకి ఎక్కడం ఇంత కష్టమైతే, నోరు విప్పలేని ఉత్తర కొరియాలో ఎట్లుంటుంది?

ఆ దేశం ఐరాస వికలాంగుల హక్కుల ఒడంబడికపై 2013లో సంతకం చేసి, 2016లో ఆమోదించింది. 2017 మేలో ఐరాస ప్రత్యేక ప్రతినిధి కటాలినా దేవందాస్‌ను రానిచ్చింది. మానవ హక్కుల మండలి నిపుణుల్లో అక్కడ అడుగుపెట్టింది ఆమే మొదలు. మానసిక వైద్యశాల చూస్తానంటే మాత్రం ఒప్పుకోలేదు. నా లెక్కన ఆ పర్యటనలో అన్నిటికంటే ఎక్కువ చెప్పింది ఆ నిరాకరణే.

అసలు చిక్కు సరుకు దగ్గర ఉంది. 2017 డిసెంబరులో భద్రతా మండలి 2397వ తీర్మానం ఆ దేశానికి యంత్రాలు, లోహాలు, వాహనాలు పంపడాన్ని నిషేధించింది. కస్టమ్స్ పట్టికలో వీల్‌చైర్ కోడ్ 8713, అంటే వాహనాల అధ్యాయం. చంక కర్రలు, కృత్రిమ కాళ్లు 9021 కిందికి వస్తాయి కాబట్టి వాటికి ఆ అడ్డు లేదు. వీల్‌చైర్‌కు మాత్రం ఆంక్షల కమిటీ మినహాయింపు కావాలి. ప్రతి వస్తువు, దాని సంఖ్య, చేరే చోటు ముందే రాసివ్వాలి. జాబితాలో బేరింగులు మరిచిపోతే చక్రం అరిగిన కుర్చీ మూలకు పడ్డట్టే. మొదట్లో మినహాయింపు గడువు ఆరు నెలలే. 2020 జనవరిలో సరిహద్దు మూసేశాక అది చాలక, అదే ఏడాది నవంబరులో తొమ్మిది నెలలు చేశారు. 2021 మార్చికల్లా ఐరాస విదేశీ సిబ్బంది అంతా దేశం వదిలారు. హక్కుల గురించి గట్టిగా అడిగే దేశాలే ఆ తీర్మానానికి ఓటేశాయి. వీల్‌చైర్‌ను ఒక్కమాటలో మినహాయించడం వాళ్ల చేతిలో పనే.

ప్యాంగ్యాంగ్‌లో మన రాయబార కార్యాలయం ఉంది. సాయం పంపేటప్పుడే విడిభాగాలు, రిపేరు చేసే మనిషికి శిక్షణ అందులో కలపాలి. రాజధాని దాటి జిల్లాకు పోయే అనుమతి, సొంత దుబాసీ అడగాలి. అక్కడి సర్కారు చేతిలోని వికలాంగుల సమాఖ్య ప్రతినిధితో ఫొటో దిగి తిరిగిరావడం పర్యవేక్షణ కాదు. ఒడంబడిక 33వ అధికరణం పర్యవేక్షణలో వికలాంగులే ఉండాలంటోంది. మన సదరం లాగా జిల్లాల వారీ లెక్క చూపమనాలి. మానసిక వైద్యశాల తలుపు ప్రతి పర్యటనలో మళ్లీ మళ్లీ తట్టాలి.