పాస్టరమ్మ ఎవరితో చెప్పుకోవాలి?

పాస్టరు గారి కాపురం కూడా చర్చి సంఘం ఆస్తే అనుకుంటున్నాం మనం. బొబ్బిలి, రాజాం, నరసన్నపేట, టెక్కలి చుట్టుపక్కల ఊళ్లలో చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. డినామినేషన్ (క్రైస్తవ శాఖ) ఏదైనా తీరు ఇదే.

పాస్టరమ్మ, అంటే పాస్టరు గారి భార్య, కొత్త చీర కడితే కానుకల డబ్బంటారు. పాతది కడితే సంఘం పరువు పోయిందంటారు. ఆలుమగలిద్దరూ ఒక సాయంత్రం కళింగపట్నం బీచ్‌కి వెళ్తే, "అయ్యగారు షికార్లకెల్తన్నారు" అని మర్నాటికల్లా ఊరంతా తెలిసిపోతుంది. గృహకూడికలు, ఉపవాస ప్రార్థనలు, ఆసుపత్రిలో ఉన్నవాళ్ల పరామర్శలు, డిసెంబరంతా అర్ధరాత్రి దాకా క్యారల్స్. ఇక వాళ్లిద్దరూ తలుపేసుకుని స్థిమితంగా మాట్లాడుకునే పూట ఏది?

మన ప్రాంతంలో ఈ బరువు మరీ ఎక్కువ. తీరం ఊళ్ల మగవాళ్లు వేటకని గుజరాత్‌లోని వేరావల్ దాకా పోతారు. లోపలి ఊళ్లవాళ్లు పనులకు హైదరాబాద్, చెన్నై వెళ్తారు. ఇక్కడ మిగిలిన ఆడవాళ్లు అప్పులూ, తాగుడూ, అత్త పోరూ అన్నీ వచ్చి చెప్పుకునేది పాస్టరమ్మ దగ్గరే. ఆమె వింటుంది, ప్రార్థన చేసి పంపుతుంది. మరి ఆమెకూ భర్తకూ నాలుగు రోజులు మాటల్లేకపోతే? సంఘంలో చెబితే సేవకు మచ్చ. పుట్టింట్లో చెబితే "దైవసేవకుడి భార్యవి, సర్దుకోమ్మా" అంటారు. ఇంకో పాస్టరమ్మతో అంటే రెండు సంఘాలకు తెలుస్తుంది.

పాస్టరు గారిదీ అదే అవస్థ. పదిమంది కాపురాలు చక్కదిద్దే మనిషి తన కాపురం గురించి ఎవరిని అడగగలడు? తన ఇంటిని నడపలేనివాడు సంఘాన్ని ఎలా చూస్తాడని బైబిల్లో తిమోతికి రాసిన మొదటి పత్రికలో ఉంది. ఆ భయంతో ఇద్దరూ నోరు మూసుకుంటారు.

వైవాహిక తృప్తిని కొలవడానికి పరిశోధకులు వాడే కాన్సాస్ స్కేల్‌లో మూడే ప్రశ్నలుంటాయి. మీ పెళ్లితో, మీ భర్తతో లేదా భార్యతో, మీ ఇద్దరి అనుబంధంతో ఎంత తృప్తిగా ఉన్నారు? మన పాస్టరమ్మను ఇది అడిగితే "దేవుని కృప వల్ల బాగున్నాం" అంటుంది. ఇంటి గుట్టు దాచుకోవడమే మర్యాదని పెరిగిన మనిషి ఇంకేం చెబుతుంది? ఆ జవాబు విని అంతా బాగుందని నేను నమ్మలేను.

భార్యలు లోబడాలనే ఎఫెసీ పత్రిక 5:22 వచనం మన పెళ్లిళ్లలో గట్టిగా వినిపిస్తుంది. దానికి ముందు వచనమే ఒకరికొకరు లోబడమంటుంది, దాన్ని మాత్రం గబగబా దాటేస్తాం. కొత్తగా పెళ్లయినవాడి మీద ఏడాది పాటు ఏ భారమూ మోపొద్దని, ఇంటి దగ్గర ఉండి భార్యను సంతోషపెట్టాలని ద్వితీయోపదేశకాండం 24:5 చెబుతుంది. మనమేమో కొత్త కోడలు దిగిన వారానికే సండే స్కూలూ, స్త్రీల సమాజమూ ఆమె నెత్తిన పెడతాం.

అదీ ఉచితంగా. 1874లో కాకినాడలో మొదలై తర్వాత శ్రీకాకుళం, బొబ్బిలి దాకా వచ్చిన కెనడా బాప్టిస్టు మిషన్ రోజుల్లో ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పే బైబిలు స్త్రీలకు జీతం ఉండేది. ఆడవాళ్ల సేవ కూడా పనేనని అప్పుడు ఒప్పుకున్నారు. ఇప్పుడు అదే పని పాస్టరమ్మ చేస్తే "భార్య కదా" అంటున్నాం. ప్రభుత్వం నెలకు 5,000 రూపాయల గౌరవవేతనం పెట్టినా అది పాస్టరుకే. చేతిలో రూపాయి లేని మనిషి ఇంట్లో తన మాట ఎలా చెల్లించుకుంటుంది? తృప్తి గురించి మాట్లాడేవాళ్లు ముందు దీని గురించి మాట్లాడాలి.

మా సంఘం సర్వసభ్య సమావేశంలో ఈ విషయం పెడుతున్నాను. చావుబతుకుల సంగతైతే తప్ప సోమవారం పాస్టరు గారి తలుపు ఎవరూ కొట్టకూడదు, ఆ రోజు ఫోన్లు సంఘపెద్దలు ఎత్తాలి. అమ్మగారి పేరు మీద నెలనెలా విడిగా కొంత డబ్బు ఇవ్వాలి, లెక్క అడగకూడదు. ఇద్దరూ మనసు విప్పి మాట్లాడుకోవడానికి మన సంఘంతో సంబంధం లేని వేరే ఊరి పెద్ద దంపతులెవరైనా ఉండాలి. అక్కడికి వెళ్లే ఖర్చు సంఘం పెట్టుకోవాలి, ఎందుకు వెళ్లారని ఎవరూ ఆరా తీయకూడదు. మీ సంఘాల్లో కూడా ఎవరో ఒకరు లేచి ఇది అడగండి. పాస్టరమ్మ తనంతట తాను అడగలేని స్థితిలో ఉంది.