ఐదు మార్కుల ఛార్టు

అర్ధసంవత్సర పరీక్షలు దగ్గర పడుతున్నాయంటే చెన్నైలో సీబీఎస్‌ఈ బడుల చుట్టుపక్కల స్టేషనరీ దుకాణాలకు పండగే. ఛార్టులు, థర్మోకోల్ పలకలు, మెరుపు కాగితాలు, నెట్‌లోంచి తీసిన దాల్ సరస్సు రంగు ప్రింట్లు. రాష్ట్రాలను జతలు కలిపే కేంద్ర కార్యక్రమం 'ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్' కింద తమిళనాడుకు జత కుదిరింది జమ్మూ కశ్మీర్ కాబట్టి ఇక్కడి పిల్లల ప్రాజెక్టుల్లో పడవ తప్పనిసరి. తొమ్మిది, పది తరగతుల్లో ప్రతి సబ్జెక్టుకూ కళతో ముడిపడిన ప్రాజెక్టు కనీసం ఒకటి చేయించాలని బోర్డు 2020లోనే చెప్పింది. ఇంటర్నల్స్‌కు ఉన్న 20 మార్కుల్లో అది పడే పద్దుకు 5 మార్కులు. ఐదు సబ్జెక్టులు, ఐదు ఛార్టులు. కత్తిరించేది నాన్న, అతికించేది అమ్మ, పేరు రాసుకునేది పిల్లవాడు. మార్కులు మాత్రం అందరికీ నాలుగున్నరకు తగ్గవు.

జాతీయ విద్యావిధానంపై ఢిల్లీకీ, ఇక్కడి ప్రభుత్వానికీ ఉన్న తగాదా సంగతి అలా ఉంచుదాం. కళనూ చదువునూ విడదీయవద్దన్న ఆ విధానం మాటలో తప్పు లేదు. తప్పంతా ఆచరణలో ఉంది. పాఠం ముగిశాక దానికో బొమ్మ తగిలించడం అలంకరణ అవుతుంది. తాళం వేయనిదే లెక్క తేలదు, రంగు పడనిదే రసాయనం బోధపడదు అన్న పరిస్థితి తరగతిలో కల్పించాలి. అది ఎలాగో వివరంగా చెప్పుకుంటేనే ఈ చర్చకు అర్థం.

పదో తరగతి గణితంలో అంకశ్రేఢి (ఒకే తేడాతో సాగే సంఖ్యల వరుస) ఉంది. సంగీతం మాస్టారు, లెక్కల మాస్టారు ఒకే పీరియడ్లో నిలబడితే చాలు. ఆది తాళం ఒక ఆవర్తనం, అంటే ఒక చుట్టు, ఎనిమిది దెబ్బలు, చతురశ్ర నడలో దెబ్బకు నాలుగు చొప్పున 32 మాత్రలు. గోపుచ్ఛ యతిలో, అంటే ఆవు తోకలా సన్నబడుతూ, ఏడు నుంచి దిగుతూ రావాలి (తా ఒకటి, తక రెండు, తకిట మూడు, తకధిమి నాలుగు మాత్రలు): తకిట తకధిమి, తకధిమి తక, తక తకిట, తకధిమి, తకిట, తక, తా. మొత్తం 28. ఇంకా నాలుగు మిగిలాయి. ఆ నాలుగూ ఎక్కడ ఖర్చు పెట్టాలన్నదే ప్రశ్న. ఏడు ముక్కల మధ్య ఉన్న సందులు ఆరు, వాటికి నాలుగును సమానంగా పంచలేం. ఒక దెబ్బ విడిచిపెట్టి ఎత్తుకుంటే సరిగ్గా సమానికి (తాళం మొదటి దెబ్బకు) వచ్చి పడుతుంది. తర్వాత ఐదు నుంచి దిగే వరుసను మూడుసార్లు వేయమనండి. 45 మాత్రలు, రెండు ఆవర్తనాలకు 64, మిగులు 19. మూడు వరుసల మధ్య విరామాలు రెండు, అవి సమానంగా ఉండాలి, 19 చూస్తే బేసి. సమం మీద ఎత్తుకుంటే కుదరదు. మొదట మూడు మాత్రలు వదిలితే విరామానికి ఎనిమిదేసి వస్తాయి, ఒకటే వదిలితే తొమ్మిదేసి. సూత్రం బట్టీ పట్టిన పిల్ల కూడా ఇక్కడ చేతులు ఆపి ఆలోచించాలి.

ఇందులో పిల్లలు పొరబడే చోటు కూడా ఒకటే. మొదటి దెబ్బను లెక్కలోకి తీసుకోకుండా రెండో దెబ్బ నుంచి 'ఒకటి' అంటారు. చివర ఒక దెబ్బ తేడా వస్తుంది. అంకశ్రేఢిలో n-వ పదానికి n−1 రాయాల్సిన చోట n రాసేది ఇదే పొరపాటు. నోటుపుస్తకం మీద ఎర్ర సిరా పడితే తెలియనిది, నలభైమంది చప్పట్ల మధ్య ఒక్కడి చప్పట ఒంటరిగా మోగితే తెలుస్తుంది. ఇంకో చిక్కు, పిల్లలు పోను పోను వేగం పెంచేస్తారు. ఫోన్లో మెట్రోనోమ్ (లయ తప్పకుండా టిక్ టిక్ మనేది) నిమిషానికి 60 దగ్గర పెట్టి మొదలుపెడితే అదుపులో ఉంటుంది.

రసాయనానికి శ్రీకాళహస్తి కలంకారీని మించిన ప్రయోగశాల లేదు. చెన్నై నుంచి మూడు గంటల ప్రయాణం. తరగతికి రెండు మీటర్ల గాడా గుడ్డ (ముతక నూలు గుడ్డ) చాలు, జానెడు ముక్కలుగా కోయాలి. ముందు గంజి పోయేదాకా సబ్బు నీళ్లలో ఉడికించాలి. పోయిందో లేదో ఒక మూల అయోడిన్ చుక్క వేస్తే తెలుస్తుంది, నీలం తిరిగితే ఇంకా ఉన్నట్టే. నలుపు కోసం లీటరు నీళ్లలో వంద గ్రాముల బెల్లం, రెండు గుప్పిళ్ల తుప్పు మేకులు వేసి పదిహేను, ఇరవై రోజులు పులియనివ్వాలి. మూత బిగించకూడదు, గుడ్డ కట్టాలి. లోపల గ్యాసు పుట్టి సీసా పగిలిందంటే ఆ ఏటికి కళ అక్కడితో ఆగిపోతుంది. గుడ్డ తడపడానికి అరవై గ్రాముల కరక్కాయ పొడి, లీటరు పచ్చి గేదెపాలు.

ఇక్కడే ప్రయోగం మొదలవుతుంది. ముక్కలను నాలుగు వాటాలు చేయాలి: ఏమీ పెట్టనివి, కరక్కాయ ఒక్కటే పెట్టినవి, పాలు ఒక్కటే పెట్టినవి, రెండూ పెట్టినవి. అన్నిటి మీదా అదే వెదురు కలంతో అదే గీత గీయమనాలి. మొదటి దాని మీద పాలిపోయిన తుప్పు రంగు వస్తుంది. కరక్కాయ గుడ్డ మీద నల్లబడుతుంది కానీ అంచులు పాకుతాయి. పాలగుడ్డ మీద గీత నిలుస్తుంది, నలుపు రాదు. రెండూ ఉన్నదాని మీదే నల్లగా, సన్నగా నిలబడుతుంది. కరక్కాయలోని టానిన్ ఇనుముతో కలిసి నలుపు కట్టింది, పాలలోని కొవ్వు ద్రవాన్ని పాకనివ్వలేదు. ఈ రెండు వాక్యాలు పిల్లలే చెప్పాలి, పుస్తకంలో ముందే చదివేస్తే ప్రయోగం వృథా. పటికతో ఎరుపు ఎందుకు పట్టుకుంటుందన్నది పై వారానికి పెట్టుకోవచ్చు.

ఇరవై రోజుల పులియబెట్టే పని కాబట్టి జూన్‌లోనే తలచుకోవాలి. జులై, ఆగస్టుల్లో ఎండ దొరుకుతుంది. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు పడ్డాక పాలు పట్టిన గుడ్డ ఆరదు, బడి మొత్తానికీ వాసన తెలుస్తుంది. ఆలస్యంగా గుర్తొచ్చిన బడులు అంగట్లో రంగు సీసాలు కొని కలంకారీ అంటాయి. అప్పుడు మిగిలేది మళ్లీ బొమ్మే.

చరిత్రకు ఎగ్మోర్ మ్యూజియం ఉంది. అమరావతి బౌద్ధ స్తూపం ఫలకాలు మన పిల్లలకు బస్సు దూరంలో ఉన్నాయి. బుద్ధుడి మీదికి ఉసిగొల్పిన నలగిరి ఏనుగు ఉన్న గుండ్రటి ఫలకం ముందు పిల్లలను ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి, వివరం పలక చదవకముందే బొమ్మ గీయించాలి. ఏనుగులు రెండు కనిపిస్తాయి. ఒకటి మనుషులను తొక్కుతూ వస్తుంటుంది, ఒకటి మోకరిల్లి ఉంటుంది. రెండూ ఒకే ఏనుగని గీస్తుండగా ఎవరో ఒకరు అడుగుతారు. ఒకే చట్రంలో ముందూ వెనుకా జరిగినవి ఎలా చెప్పారో అక్కడి నుంచి పాఠం. ఆ రాయి సున్నపురాయి. మన వంటింటి గట్టు కింద అరలకు వేసే కడప రాయీ సున్నపురాయే. ముక్క తెచ్చి బడిలో పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే నురగ వస్తుంది (మ్యూజియంలో ఎవరూ ప్రయత్నించకూడదని మాస్టార్లకు కూడా చెప్పాల్సిన రోజులివి). శుక్రవారం మ్యూజియానికి సెలవు. గ్యాలరీ తెరిచి ఉందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి.

ఇవి నలభై నిమిషాల పీరియడ్లో జరిగే పనులు కావు. పదిహేను నిమిషాలు సామాను పరచడానికి, పది నిమిషాలు కడగడానికి పోతాయి. వారానికి కళకు కనీసం రెండు పీరియడ్లు ఇవ్వాలని సీబీఎస్‌ఈ 2019లో చెప్పింది. ఆ రెండూ సోమవారం ఒకటి, గురువారం ఒకటి పెడితే ఏ పనీ సాగదు. పక్కపక్కనే పెడితే ఎనభై నిమిషాలు. టైంటేబుల్ వేసేవారి పెన్ను కదిలితే చాలు, పైసా ఖర్చు లేదు. ఐదు ఛార్టుల బదులు టర్మ్‌కు ఒకే పని, మూడు సబ్జెక్టులకు కలిపి. ఐదు మార్కులూ పిల్లల రికార్డు పుస్తకానికే ఇవ్వాలి: ముందు ఏం అనుకున్నారు, ఎన్నిసార్లు ప్రయత్నించారు, ఎందుకు చెడింది, అడిగితే చెప్పగలరా. బొమ్మ అందానికి సున్నా. అప్పుడు అమ్మానాన్నలు కత్తెర కింద పెడతారు.

ప్రభుత్వ బడుల సంగతి వేరు. 2022 నుంచి జరుగుతున్న 'కలై తిరువిళా' (ప్రభుత్వ బడుల కళోత్సవం) పిల్లలకు మంచి వేదిక, అయినా అది పోటీ, తరగతి గదిలోకి రాదు. డ్రాయింగ్, సంగీతం చెప్పే పార్ట్‌టైమ్ ఉపాధ్యాయులను వారానికి మూడు పూటల లెక్కన 2012లో తీసుకున్నారు. సర్వీసు ఖాయం చేయమని వాళ్లు ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు. మూడు పూటలు వచ్చే మనిషి లెక్కల మాస్టారుతో కూర్చుని పాఠం ఎప్పుడు అల్లుకుంటారు?

కళ నేర్పితే లెక్కల్లో మార్కులు పెరుగుతాయని మేము హామీ ఇవ్వడం లేదు. 2000లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధన బృందం ప్రాజెక్ట్ జీరో తరఫున ఎలెన్ విన్నర్, లోయిస్ హెట్‌లాండ్ అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ జల్లెడ పడితే, నాటకం వేయించడం వల్ల భాష మెరుగవుతుందన్న వంటి కొద్ది విషయాలకే గట్టి ఆధారం దొరికింది. ఎనిమిదో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్‌కు పంపే మన ఇళ్లలో 'దీనివల్ల ర్యాంకు వస్తుందా' అన్న ప్రశ్నకు నిజాయతీగా ఇవ్వగల జవాబు 'తెలియదు' అనే. కరక్కాయ గుడ్డ మీద గీత ఎందుకు నల్లబడిందో తెలిసిన పిల్లకు ఆ పాఠం మాత్రం మళ్లీ చెప్పక్కర్లేదు.

నగరంలో తెలుగు సంఘాలకు కొదవ లేదు. ఉగాదికి శాలువాలు, జ్ఞాపికలు, విందు భోజనాలు ఏటా జరిగేవే. వాటిలో ఒక సభ ఖర్చు తగ్గించుకుంటే శ్రీకాళహస్తి కలంకారీ పనివారిని ఒకరిని వారం రోజులు పిలిపించి, రోజు కూలి, బస, ప్రయాణం, గుడ్డ, పాలు అన్నీ భరించవచ్చు. తెలుగు పిల్లలున్న ఏ బడికైనా పంపవచ్చు. పిలుపు మే నెలలో వెళ్లాలి, జూన్‌లో కుండలో మేకులు పడాలి.