మా వీధిలో డెంగీ లేదు

నల్లగొండలో మా వీధికి ఈ వానకాలం డెంగీ రాలేదు. ఇది నా సొంత మాట కాదు, సర్కారు లెక్క. వరసగా ఐదు ఇండ్లలో ప్లేట్‌లెట్లు పడిపోయిన మాట నిజమే. మూలమీది బొప్పాయి చెట్టుకు ఒక్క ఆకు మిగలని మాటా నిజమే. అయినా కాగితం మీదికి రానిదాన్ని వచ్చిందని ఎట్లా ఒప్పుకుంటాం?

మా బావమరిది కొడుకును ఒక ప్రైవేటు దవాఖానలో నాలుగు రోజులు ఉంచాం. నాకు జ్ఞానోదయం అయింది అక్కడే. ఒక్క జ్వరానికి రెండు పేర్లుంటాయట. బిల్లు కట్టేవాళ్లకు డెంగీ, పైకి రాసేటప్పుడు వైరల్ ఫీవర్. కార్డు టెస్టులో గీత పడితే తండ్రికి టెన్షన్ పెట్టడానికి అది చాలు. సర్కారుకు చెప్పాల్సి వచ్చేసరికి అదే గీత చాలదు, ఎలైజా అనే ల్యాబు పరీక్ష చేస్తేగానీ ఖరారు కాదు. మాట సబబే, నిబంధన కూడా అదే. అనుమానానికి ఒక ఫారం, డాక్టరు అంచనాకు ఇంకొకటి, ల్యాబు ఖరారుకు మరొకటి అని సర్కారు మూడు రకాలు అచ్చేయించిన సంగతి మాత్రం అక్కడెవరికీ గుర్తు రాలేదు.

డిశ్చార్జి రోజు కౌంటర్లో అబ్బాయిని అడిగాను. "తమ్మీ, సర్కారుకు చెప్పిండ్రా?"

"మీకెందుకన్నా పరేషాన్? చెప్తే రేపు పొద్దుగాలనే ఇంటిమీదికొస్తరు. గోళెం, డ్రమ్ము అన్నీ బోర్లిస్తరు."

ఆ మాటకు నా నోరు పడిపోయింది. నల్లగొండోళ్లతో నీళ్లు పారబోయమనే మాట ఎత్తొద్దు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిన జిల్లా ఇది. నల్లా వచ్చిందంటే ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ నింపుకోవడం మా రక్తంలోనే ఉంది. (ఇప్పుడు ఆ రక్తంలో ఇంకేమేం ఉన్నాయో కార్డు టెస్టునే అడగాలి.)

నిజానికి డెంగీ దోమంత క్రమశిక్షణ ఏ శాఖలోనూ చూడలేదు. మురికి కాలువ వైపు పోదు, ఇంట్లో నిలవున్న మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుంది. డ్యూటీ పగటిపూట. పుట్టిన చోటు నుంచి మహా అయితే 400 మీటర్లు, బదిలీలు అడగదు. గుడ్డు నుంచి రెక్కల దాకా వారం పది రోజుల్లో ఫైలు క్లియర్ చేస్తుంది. ఆ లోపల మన కాగితం మొదటి టేబుల్ దాటితే గొప్ప. దాటాక పొగ మిషన్ వస్తుంది, చీకటి పడ్డాక, డెంగీ దోమ డ్యూటీ దిగిపోయాక. అది కూడా కౌన్సిలర్ ఇల్లున్న వీధికి.

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్నాడు. ఆ దోమలతో కుట్టించుకున్న రోగి పేరు హుస్సేన్ ఖాన్. దోమకు ఒక అణా లెక్కన రాస్ అతనికి డబ్బులిచ్చాడు. దోమ కుట్టినందుకు పైసలు అందుకున్న ఆఖరి మనిషి మన గడ్డమీద ఆయనే అయి ఉంటాడు. ఇప్పుడు మనమే ఎదురు కడుతున్నాం, బెడ్డుకు రోజుకింత అని. రాస్ దొర కూడా అదృష్టవంతుడే. ఈ రోజుల్లో అయితే "ఆ దోమ మా లిమిట్స్‌లోదేనా?" అని అడిగి వెనక్కి పంపేవాళ్లు.

మొన్న శుక్రవారం, నిలవ నీళ్లు పారబోయాల్సిన డ్రైడే రోజు, ఆశా కార్యకర్త వచ్చింది. పాపం, ఎండలో గడపగడపా తిరుగుతోంది.

"అన్నా, ఇంట్ల ఎవరికన్న జరమొచ్చిందా?"

లోపల మా మేనల్లుడు బొప్పాయాకు రసం తాగలేనని ఏడుస్తున్నాడు. బయట గోళెం నిండుగా ఉంది. నల్లా మళ్లీ ఎప్పుడొస్తుందో ఆ దేవుడికే తెలియాలి. నేను గోళెం మీద మూత సర్ది, దానికి అడ్డంగా నిలబడ్డాను.

"లేదు చెల్లె. అందరం మంచిగున్నం."

రిజిస్టర్‌లో సున్నా రాసుకుంది. గోడమీద సుద్దముక్కతో తేదీ వేసి పక్కింటి గేటు కొట్టింది. వాళ్లు కూడా మంచిగనే ఉన్నారట.