అర్ధమండలం కూడా కాదా?

సూర్యాపేట లాడ్జిలో మంచం మీద బోర్లా పడుకుని ఇది టైప్ చేస్తున్నాను. బోర్లా ఎందుకో, సైకిల్ సీటు మీద ఒక పూటంతా కూర్చున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు.

హైదరాబాద్ నుంచి మచిలీపట్నం దాకా, 65వ నంబర్ జాతీయ రహదారి అయిపోయే చోటు వరకు, మూడు రోజుల సైకిల్ యాత్ర. మొదటి రోజు ఎల్బీనగర్ నుంచి సూర్యాపేట, దాదాపు 130 కిలోమీటర్లు. మనుషులం 14 మందిమి, లీడర్‌గారు వాట్సాప్‌లో పెట్టిన రూల్స్ 22. 7వ రూలు: ఎవరినీ వెనక వదలం. 11వది: అందరి మెడలో విజిల్ ఉండాలి. 18వది: అందరూ ఎర్ర జెర్సీయే వేసుకోవాలి, దూరానికి కనబడాలి. చౌటుప్పల్‌లో టిఫిన్ దాకా 7వ రూలు బాగానే నడిచింది. నార్కట్‌పల్లి దాటాక నా కంటికి ఆనే ఎర్ర జెర్సీ నా ఒంటి మీదది ఒక్కటే. భోజనానికి ఆగాల్సిన ధాబా ఎప్పుడు దాటేశానో తెలీదు. ఫోన్ చచ్చిపోయింది.

కొర్లపహాడ్ టోల్ ప్లాజా దాటాక కొత్త బూట్లు కరవడం మొదలుపెట్టాయి. విప్పి హ్యాండిల్‌కి కట్టాను. ఇక ఆ బిగుతు నిక్కరు. "ఆ నిక్కరుతో నలుగురిలో దిగకండి, పరువు పోతుంది" అని మా ఆవిడ ఒక తువ్వాలు పెట్టింది. అది నడుముకి చుట్టుకున్నాను. అదీ ఎరుపే. బయలుదేరేముందు తను పెట్టిన కుంకుమ చెమటకి కారి నుదురంతా పరుచుకుంది.

ఇప్పుడు నన్ను మీరే ఊహించుకోండి. ఎర్ర చొక్కా, ఎర్ర పంచె లాంటిది, ఉత్త కాళ్ళు, నుదుట కుంకుమ, మెడలో తాడు. నెల డిసెంబరు. దుర్గమ్మ దీక్ష పట్టిన భవానీలు మాల తీయడానికి బెజవాడ కొండకి నడిచి వెళ్ళే రోజులు. రోడ్డు పక్కన షామియానా, కింద అన్నదానం. నీళ్ళు అడుగుదామని సైకిల్ నడిపించుకుంటూ వెళ్ళాను, అంతే.

"రా భవానీ, భిక్ష చెయ్యి" అని ఒకాయన చేయి పట్టుకుని కూర్చోబెట్టాడు. నేను భవానీని కాదని చెబుదామనే నోరు తెరిచాను. ఈలోగా విస్తరి పడింది, విస్తట్లో పులిహోర పడింది. పులిహోర పడ్డాక నిజం చెప్పిన మనిషిని నేనింతవరకు చూడలేదు.

ఒక ముసలమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఎన్నోసారి భవానీ?"

"మొదటిసారేనమ్మా." సైకిల్ యాత్ర గురించే చెప్పాను. అబద్ధం కాదు.

"కన్నె భవాని! ఎన్ని దినాలు?"

"మూడు రోజులు."

ఆమె ముఖం మారిపోయింది. "మూడు దినాలేంది? మండలమంటే 41 దినాలాయె. అర్ధమండలం కూడా కాదా?"

"ఆఫీసులో సెలవు దొరకలేదమ్మా." ఇదీ నిజమే.

"మరి మీ గురుభవాని ఏడి?"

ఎవరి గురించి అడుగుతోందో అర్థం కాలేదు గానీ, నోరు మాత్రం దానంతటదే వాగేసింది. "ముందు వెళ్ళిపోయాడమ్మా. నన్ను దారిలో వదిలేసి."

షామియానా అంతా ఒక్క క్షణం ఆగింది. "గురుభవాని ఇడిసిపెట్టి పోయిండా! గదేం గురువు?" అని ముసలమ్మ గట్టిగానే తిట్టింది. పొద్దున్నుంచీ నేను మనసులో అనుకుంటున్నవే, నాకంటే మంచి భాషలో. ఇంకాస్త తిడితే బాగుండునని మరోసారి సాంబారు వేయించుకున్నాను. అక్కడే తప్పు చేశాను. అప్పుడే లేచిపోయి ఉంటే కథ కంచికి, నేను సూర్యాపేటకి.

తిట్టడం అయ్యాక ఆమె వంగి నా కాళ్ళకి దండం పెట్టింది. వద్దమ్మా అని కంగారుగా వెనక్కి జరిగితే తువ్వాలు ముడి ఊడింది. లోపలి నల్ల నిక్కరు, దాని వెనక దిండంత మెత్త, అందరి దర్శనానికీ వచ్చాయి. "దెబ్బ తగిలి కట్టు కట్టిన్రు పాపం" అని ఎవరో జాలిపడ్డారు.

సరిగ్గా అప్పుడే బయట విజిల్. మా సామాన్ల వ్యాన్. డోరు తీసి, తెల్లటి క్యారీబ్యాగు పైకెత్తి, పొద్దున్నుంచీ మైకు లేక బాధపడుతున్న గొంతుతో లీడర్‌గారు:

"సార్! ఎక్కడ తప్పిపోయారు? మీ చికెన్ బిర్యానీ చల్లారిపోతోంది! లెగ్ పీస్ కూడా వేయించాను!"

సాంబారు గరిట గాల్లోనే ఆగిపోయింది. ముసలమ్మ ముందు నన్ను చూసింది, తర్వాత నా కాళ్ళకి మొక్కిన తన చేతుల్ని చూసుకుంది.

వ్యాన్‌లో ఎవరం మాట్లాడుకోలేదు. రాత్రి మీటింగ్‌లో 23వ రూలు చేరింది: దారిలో ఉచిత భోజనాలు చేయరాదు. మరి 7వ రూలు సంగతేంటండీ అంటే, "అది స్పిరిట్ సార్, అక్షరాలా తీసుకోకూడదు" అన్నారు.

రేపు విజయవాడ. కనీసం వేరే రంగు చొక్కా వేసుకోవచ్చా అని అడిగాను. 18వ రూలు మళ్ళీ చదువుకోమన్నారు.