పొట్ట చేసిన నేరానికి నడుముకు శిక్ష

మా కాలనీ జిమ్ములో ఎవరూ రాయని శిక్షాస్మృతి ఒకటి అమల్లో ఉంది. దాని ప్రకారం బిర్యానీ తిన్న నేరం పొట్టదైనా, శిక్ష మాత్రం నడుమే అనుభవించాలి. ఆ శిక్ష పేరు సిటప్‌లు, అంటే వెల్లకిలా పడుకుని పదేపదే లేచి కూర్చోవడం.

విచారణ ఉదయం ఆరు గంటలకు మొదలవుతుంది. పక్కమీంచి లేచి పావుగంటైనా కాని ఒక పెద్దమనిషి చాప మీద వెల్లకిలా పడుకోగానే, కోచ్‌గారు ఆయన రెండు పాదాల మీద పీట వేసుకున్నంత నిబ్బరంగా కూర్చుని, ఫోన్‌లో రీల్స్ చూస్తూ లెక్క మొదలుపెడతారు. పెద్దమనిషి తల వెనక వేళ్లు పెనవేసి, బావిలోంచి చేద లాగినట్టు తన మెడను తానే పైకి లాగుకుంటారు. ఇరవై దాటాక ఆయన లేవడం మానేసి ఎగరడం ప్రారంభిస్తారు. రీల్ బాగున్నప్పుడు కోచ్‌గారి లెక్క ముప్పై రెండు నుంచి ముప్పై ఆరుకు దూకుతుంది. ఆ ఉదారతకు ఎవరూ అభ్యంతరం చెప్పరు. యాభై పూర్తికాగానే చప్పట్లు, సెల్ఫీ. ఆ తరువాత ఆయన ఒక చేత్తో గోడను, ఒక చేత్తో నడుమును పట్టుకుని, బూటు లేసు కట్టుకోవడానికి వంగలేక వాచ్‌మన్‌ను పిలుస్తారు.

పాదాలను అలా నొక్కిపట్టగానే పనిభారం చాలావరకు తుంటిని వంచే కండరాలకు బదిలీ అవుతుంది. వాటిలో సోయాస్ అనేది నడుము వెన్నుపూసల దగ్గరే పుట్టి తొడ ఎముకకు అతుక్కుని ఉంటుంది కనుక, బిగిసిన ప్రతిసారీ వెన్నును నొక్కుతుంది. పైగా రాత్రంతా పడుకుని లేచేసరికి వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పట్టి ఉబ్బి ఉంటాయి. వాటిని వంచడానికి అంతకంటే చెడ్డ ముహూర్తం లేదు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో వెన్ను మీద జీవితకాలం పరిశోధించిన స్టువర్ట్ మెక్‌గిల్, ఒక్కో సిటప్‌కు నడుము మీద పడే ఒత్తిడిని సుమారు 3,300 న్యూటన్లుగా, అంటే మూడు వందల ముప్పై కిలోలకు పైగా బరువు మోపినంతగా లెక్కగట్టారు. అమెరికా సైన్యం సైతం 2022 నాటికి తన పరీక్షలోంచి సిటప్‌లను తీసేసి, ముంజేతులూ కాలివేళ్ల మీద ఒళ్లంతా కర్రలా నిలిపే ప్లాంక్ పెట్టుకుంది. మా కోచ్‌గారి సైన్యం మాత్రం వెనకడుగు వేయదు.

సిటప్‌కు బదులుగా మెక్‌గిల్ చెప్పిన పద్ధతిలో ఒక మోకాలు మడిచి, రెండో కాలు చాపి, నడుము ఒంపు చెదరకుండా అరచేతులు దాని కింద ఉంచి, తలా భుజాలూ కొద్దిగా మాత్రమే లేపి పది సెకన్లు నిలపాలి. ఇది చూపిస్తే కోచ్‌గారు నవ్వారు. “ఇదేంటి సార్, పడుకున్నట్టే ఉంది కదా!”

అక్కడిదాకా నేనూ నవ్వాను. సిజేరియన్ అయి నాలుగు నెలలైనా నిండని ఒక అమ్మాయిని చాప మీద పడుకోబెట్టి యాభై చేయమన్న రోజున నవ్వు రాలేదు. తెలంగాణలో 60 శాతం పైగా కాన్పులు సిజేరియన్లేనని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 లెక్క చెబుతుండగా, ఆపరేషన్ అయిందా అనే ఒక్క ప్రశ్న అడగడానికి ఆ కోచ్ నోటికేమైంది? గర్భంతో మధ్యలో ఎడబడిన పొట్ట కండరాలు మళ్లీ దగ్గరయ్యాయో లేదో చూడడం చేతకానివాడికి ఒకరి ఒంటి మీద పెత్తనం ఎవరిచ్చారు? నడుము నొప్పిగా ఉందని ఆమె రెండుసార్లు చెప్పింది. “నొప్పి వస్తోందంటే కొవ్వు కరుగుతోందని అర్థం మేడమ్” అన్నాడు, సిగ్గులేకుండా. కొవ్వు నొప్పితో కరగదురా నాయనా, ఏ కండరాన్ని కదిలిస్తే అక్కడిదే కరగదు కూడా!

ఆమె మళ్లీ రాలేదు. మూడు నెలల ఫీజు తిరిగి ఇవ్వరట. రశీదు వెనక చిన్న అక్షరాల్లో రాసే ఉందట.