‘వాక్యంలో ఎక్కడుంది?’ అని అడిగేవాళ్ళకి ఒక కతోలికుడి జవాబు

ప్రొటెస్టెంట్ మిత్రులతో ఏ చర్చ మొదలైనా కాసేపట్లో మరియమాత దగ్గరికో, పోపుగారి దగ్గరికో, స్వరూపాల (ప్రతిమల) దగ్గరికో వెళ్ళి ఆగుతుంది. వాళ్ళు "ఇది వాక్యంలో (అంటే బైబిల్లో) ఎక్కడుంది?" అంటారు, మనవాళ్ళు హడావుడిగా వచనాలు వెతుకుతారు, వాళ్ళు దానికి పోటీగా ఇంకో వచనం చూపిస్తారు, చివరికి ఎవరికి ఎక్కువ వచనాలు కంఠతా వస్తే వాళ్ళు గెలిచినట్టు లెక్క. ఇందులో మామూలుగా ఓడిపోయేది మనమే. ఒప్పుకుందాం, బైబిల్ చదవడంలో వాళ్ళు మనకంటే చాలా ముందున్నారు. కానీ జవాబు వెతకడానికి పరిగెత్తే ముందు ఆ ప్రశ్ననే ఒకసారి చూడండి. నమ్మాల్సిన ప్రతిదీ వాక్యంలో రాసి ఉండి తీరాలన్న నియమం వాక్యంలో ఎక్కడుంది?

రెండో తిమోతి 3:16 చూపిస్తారు. లేఖనం దైవప్రేరితమనీ, బోధించడానికి ప్రయోజనకరమనీ ఉంది అక్కడ. దాన్ని ఏ కతోలికుడు కాదన్నాడు? లేఖనం ఒక్కటే చాలు, ఇంకేదీ అక్కర్లేదు అని మాత్రం అక్కడ లేదు. అదే పౌలు థెస్సలోనీకయులకి రాస్తూ నోటిమాటగా అందిన బోధనీ, ఉత్తరం ద్వారా అందిన బోధనీ రెండింటినీ గట్టిగా పట్టుకోమన్నాడు. తిమోతికి రాసిన మొదటి లేఖలోనేమో సత్యానికి స్తంభం, ఆధారం అని దేవుని సంఘాన్ని పిలిచాడు.

అసలు ఆ వాక్యం మన చేతికి ఎలా వచ్చింది? కొత్త నిబంధనలో 27 పుస్తకాలుండాలని ఆ 27లో ఏ పుస్తకమూ చెప్పదు. హెబ్రీయుల లేఖ, యాకోబు లేఖ, రెండో పేతురు, ప్రకటన గ్రంథం, వీటి గురించి తొలి శతాబ్దాల్లో చాలాకాలం వాదోపవాదాలు నడిచాయి. సినాయిటికస్ అనే 4వ శతాబ్దపు బైబిల్ రాతప్రతిలో, ఇప్పటి బైబిల్లో లేని హెర్మాస్ ‘కాపరి’, బర్నబా పేరుతో ఉన్న లేఖ కూడా వీటి పక్కనే ఉన్నాయి. సరిగ్గా ఈ 27 పేర్లతో జాబితా మనకి మొదట కనిపించేది 367లో, అలెగ్జాండ్రియా బిషప్ అతనాసియస్ రాసిన ఈస్టర్ లేఖలో. ఆ తర్వాత ఉత్తర ఆఫ్రికా బిషప్పులు కూడిన సభలు, 393లో హిప్పో సభ, 397లో కార్తేజ్ సభ, ఆ 27నే ఖాయం చేశాయి. అంటే మూడు వందల ఏళ్ళపాటు క్రైస్తవులు హింసలు పడ్డారు, జ్ఞానస్నానాలు ఇచ్చారు, రొట్టె విరిచారు, ప్రాణాలు కూడా ఇచ్చారు, ఇప్పుడు మన బైబిల్ మొదటి పేజీలో ఉండే ఆ విషయసూచిక లేకుండానే. (అతనాసియస్ పాత నిబంధన జాబితా మీ కతోలిక జాబితాతో కలవదు కదా అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. కలవదు, నిజమే. ఒక్క బిషప్ మాటతో పని జరగలేదు, సభలు కూర్చోవాల్సి వచ్చింది. నేను చెప్పేదీ అదే.)

"సంఘం ఆ పుస్తకాలకి అధికారం ఇవ్వలేదు, గుర్తించింది అంతే" అని జవాబు వస్తుంది. బాగుంది, మా బోధ కూడా అదే, 1870లో మొదటి వాటికన్ మహాసభ ఆ మాటే చెప్పింది. మరి ఆ గుర్తించడంలో సంఘం పొరబడలేదని మీకెలా తెలుసు? పుస్తకాల్లో తప్పు లేదు గానీ జాబితాలో తప్పుండొచ్చు అని కొందరు ప్రొటెస్టెంట్ పండితులు ఒప్పుకున్నారు. వాళ్ళ నిజాయితీ నాకు నచ్చుతుంది, ఆ జవాబుతో మాత్రం నాకు నిద్ర పట్టదు.

అపొస్తలుల కార్యాలు 15వ అధ్యాయం చూడండి. అన్యజనులు సున్నతి చేయించుకోవాలా వద్దా అన్నది గొడవ. చేతిలో వచనం పట్టుకుని వాదించాల్సి వస్తే బలం ఎవరిది? చేయించుకోవాలన్న వాళ్ళదే! ఆదికాండం 17లో అది నిత్య నిబంధన అని స్పష్టంగా ఉంది. యాకోబు కూడా ఆమోసు ప్రవక్త మాటలు ఎత్తాడు, కానీ ఆమోసు అక్కడ సున్నతి ఊసే ఎత్తలేదు. అపొస్తలులు, పెద్దలు కూడి, చర్చించి, "పరిశుద్ధాత్మకును మాకును తోచెను" అని ఉత్తరం రాసి పంపారు. ఎవరి ఇంట్లో వాళ్ళు ప్రార్థన చేసుకుని మీకు తోచినట్టు చేయండి అనలేదు.

ఇక ఎవరికి వాళ్ళే చదువుకుంటే ఏమవుతుందో చూడ్డానికి 1529లో జర్మనీలోని మార్‌బర్గ్‌కి వెళ్దాం. ప్రొటెస్టెంట్ ఉద్యమాన్ని నడిపిన ఇద్దరు నాయకులు అక్కడ చర్చకి కూర్చున్నారు, ఒక పక్క లూథర్, ఇంకో పక్క జ్వింగ్లీ. ఇద్దరికీ గ్రీకు, లాటిన్ వచ్చు, ఇద్దరూ లేఖనమే ప్రమాణం అన్నవాళ్ళే, రోమ్‌కి ఇద్దరూ దూరమే. 15 అంశాల్లో 14 కుదిరాయి. మిగిలిన దానిలో చిక్కుముడి "ఇది నా శరీరము" అన్న మాట. లూథర్ ఆ మాటని బల్ల మీద సుద్దతో రాసి పెట్టుకుని కూర్చున్నాడని చెప్తారు. విడిపోయే వెళ్ళారు, అది కూడా 1517లో లూథర్ ఆ ఉద్యమం మొదలుపెట్టిన పన్నెండేళ్ళకే. ఇద్దరిలో ఎవరికీ భక్తి తక్కువని నేను అనను. ఇద్దరు నిజాయితీపరులు ఒకే వచనాన్ని రెండు రకాలుగా చదివినప్పుడు తేల్చేది ఎవరు? పరిశుద్ధాత్మ అంటారా, ఇద్దరూ ఆయన పేరే చెప్తున్నారు కదా.

"మీలో గొడవల్లేవా, ఒకేసారి ముగ్గురు పోపులున్నారు కదా" అంటారు. అవును, 1378 నుంచి దాదాపు నలభై ఏళ్ళు ఆ అవమానం నడిచింది, 1409 తర్వాత ముగ్గురు నేనంటే నేనే పోపు అన్నారు. నిజంగా సిగ్గుపడాల్సిన విషయమే. కానీ 1417లో కాన్‌స్టన్స్ మహాసభ కాలంలో అది ముగిసింది, శ్రీసభ (కతోలిక సంఘం) మళ్ళీ ఒక్కటిగా నిలబడింది.

కాన్‌స్టంటైన్ చక్రవర్తి కతోలిక సంఘాన్ని పుట్టించాడన్న వాదనకి ఎక్కువ సమయం ఇవ్వను. 4వ శతాబ్దం వాడైన ఆయనకి దాదాపు రెండు వందల ఏళ్ళ ముందే, మృగాలకి వేయడానికి రోమ్‌కి తీసుకెళ్తుంటే అంతియోకు బిషప్ ఇగ్నేషియస్ స్ముర్న వాళ్ళకి రాసిన లేఖలో ‘కతోలిక సంఘం’ అన్న పేరు ఉంది, బిషప్ లేకుండా సంఘానికి సంబంధించిన ఏ పనీ చేయొద్దన్న మాట కూడా ఉంది. పోపు తప్పే చేయడని మేం నమ్ముతామన్నది కూడా అలాంటి వాదనే. మేం మొదటి పోపుగా భావించే పేతురుని పౌలు ముఖం మీదే తప్పుపట్టాడు, మా బైబిల్లో కూడా ఆ పేజీ ఉంది. 1870లో చెప్పిన పొరపాటులేని అధికారం విశ్వాస, నైతిక విషయాల్లో మొత్తం శ్రీసభకి చేసే తుది ప్రకటనకి మాత్రమే. ఆ తర్వాత ఒక పోపు దాన్ని అలా లాంఛనంగా వాడింది 1950లో, మరియమాత మోక్షారోపణ (ఆమె శరీరంతో సహా పరలోకానికి చేర్చబడిందన్న బోధ) విషయంలో.

"అయితే మేమంతా నరకానికేనా?" కాదండీ. బయటివాళ్ళెవరికీ రక్షణ లేదని బోస్టన్‌లో ఫీనీ అనే కతోలిక గురువు పట్టుబడితే 1949లో రోమ్ అది తప్పని లేఖ రాసింది. ఆయన లొంగకపోతే 1953లో ఆయన్నే వెలివేసింది. త్రిత్వనామంలో మీరు పొందిన బాప్తిస్మాన్ని మేం గౌరవిస్తాం, మళ్ళీ ఇవ్వం. మా దగ్గర్నుంచి వచ్చినవాళ్ళని మళ్ళీ నీళ్ళలో ముంచే సంఘాలు మీలో ఉన్నాయి, ఆ సంగతి కూడా ఒకసారి ఆలోచించండి.

మనవాళ్ళకి కూడా ఒక మాట. గురువులు పిల్లల మీద చేసిన అఘాయిత్యాల గురించి, వాటిని కప్పిపుచ్చిన బిషప్పుల గురించి ఎవరైనా అడిగితే "మీ పాస్టర్లు చేయలేదా" అని ఎదురుదాడికి దిగకండి. ప్లీజ్. శ్రీసభలో ఉన్నవాళ్ళంతా మంచివాళ్ళని మనం ఎప్పుడూ అనలేదు, పన్నెండు మందిలోనే ఒక యూదా ఉన్నాడు. చీలికల విషయంలో రెండు వైపులా మనుషుల తప్పుందని 1964లో రెండో వాటికన్ మహాసభే రాసింది, ప్రొటెస్టెంట్లని సోదరులని పిలిచింది. ఆ పత్రం ఒక్క పేజీ కూడా చదవకుండా వాళ్ళని ఇంకా పాషండులు అని తిట్టే కతోలికులతో నాకు వేరే గొడవ ఉంది, అది ఇంకో పోస్టులో.